ఆటగాణ్ణి తిట్టేముందు రూలు చూద్దాం: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

సంక్రాంతి సంచికకు ఆటల మీద ప్రశ్నలు పంపమని అడిగితే నెల్లూరు, ఒంగోలు, కందుకూరు, కనిగిరి వైపు నుంచి చాలా ఉత్తరాలొచ్చాయి. సగానికి పైగా కబడ్డీ, క్రికెట్ మీదే. ఎక్కువ ఉత్తరాల్లో ఎవరో ఒక ఆటగాడి మీద కోపం కనబడింది. అభిమానం ఉన్నచోటే కోపం ఉంటుంది, దాన్ని మేం తప్పుపట్టం. కాకపోతే ఆ కోపంలో పెద్ద భాగం రూలు మీదికో, లెక్క మీదికో పోవాల్సింది. జవాబులు ఆ దారిలోనే రాశాం.

ప్రశ్న: తెలుగు టైటాన్స్ మ్యాచ్ చూస్తే బీపీ పెరుగుతోంది సార్. ఐదు నిమిషాలుండగా ముందుంటారు, ఆఖరికి జారవిడుస్తారు. మన రైడర్లకు గుండె లేదా?
– ఒక కబడ్డీ అభిమాని, పొదిలి

గుండె లేకపోతే 2025 ప్రో కబడ్డీ సీజన్‌లో ప్లేఆఫ్స్ దాకా వచ్చేవాళ్లే కాదు. విజయ్ మలిక్ కెప్టెన్సీ, భరత్ హుడా రైడింగ్ కలిసొచ్చి రెండో క్వాలిఫయర్ వరకూ వెళ్లారు, పుణేరి పల్టన్ దగ్గర ఆగారు. ఆ పుణేనే ఫైనల్లో దబంగ్ ఢిల్లీ 31–28తో గెలిచింది. అంటే మనవాళ్లను ఆపింది ఫైనల్ ఆడిన జట్టు.

మీరు చెప్పిన చివరి నిమిషాల జబ్బు మాత్రం నిజమే. అది ఒక్క టైటాన్స్‌దే కాదు. దాని వెనక ఒక లెక్క ఉంది. రైడ్‌కు 30 సెకన్లు. ముందున్న జట్టు టైమంతా వాడుకుంటుంది, వెనకబడిన జట్టు తొందరపడుతుంది. రెండు జట్లూ పూర్తి టైము తీసుకున్నాయనుకుంటే మూడు నిమిషాల్లో పడేవి ఆరు రైడ్లు, జట్టుకు మూడు. వరసగా రెండు ఖాళీ రైడ్లు (ఎవరికీ పాయింటు రానివి) వెళితే మూడోది డూ ఆర్ డై. అందులో పాయింటు తేకపోతే రైడర్ అవుట్, అవతలి జట్టుకు పాయింటు.

ఇప్పుడు చూడండి. ఆ మూడు నిమిషాలు మొదలయ్యేసరికి మన ఖాళీ రైడ్ల లెక్క సున్నా దగ్గరుంటే ఒకటి ఖాళీ, రెండు ఖాళీ, ఆఖరి రైడే డూ ఆర్ డై. మ్యాచ్ అంతా ఒక్క రైడ్ మీదికి వచ్చి పడుతుంది. అదే అప్పటికే రెండు ఖాళీ రైడ్లు అయిపోయి ఉంటే డూ ఆర్ డై ముందే వస్తుంది. పాయింటు వచ్చినా పోయినా సర్దుకోవడానికి టైము మిగులుతుంది, చివరి రెండు రైడ్లూ మిడ్ లైన్ దగ్గర తిరిగి బాక్ లైన్ (రైడర్ తప్పక దాటాల్సిన గీత) దాటి వచ్చేస్తే సరిపోతుంది. అందుకని మంచి కోచ్ ఐదు నిమిషాలుండగానే ఖాళీ రైడ్లు లెక్కపెడతాడు. మీరు టీవీ ముందు కూర్చున్నప్పుడు స్కోరుతో పాటు ఈ లెక్క కూడా చూడండి, ఏ జట్టు ఇరుక్కోబోతోందో ముందే తెలుస్తుంది.

రెండో కారణం డిఫెన్స్. ఆధిక్యంలో ఉన్నప్పుడు రైడర్ వెనక్కి తిరిగి పోతుంటే కార్నర్ ఆటగాడు ఆశపడి కాలు పట్టబోతాడు. అందితే ఒక పాయింటు. జారితే ఒక పాయింటు పోవడమే కాదు, మ్యాట్ మీద మనిషి తగ్గుతాడు. ముగ్గురు మిగిలాక అవతల బలమైన రైడర్ వస్తే ఆలౌట్, దానికి అదనంగా రెండు పాయింట్లు. నాలుగు పాయింట్ల ఆధిక్యం ఒకటిన్నర నిమిషంలో కరిగిపోయేది ఇలాగే. డూ ఆర్ డై కాని రైడ్‌లో పట్టకపోవడమూ ఒక నైపుణ్యమే.

ప్రశ్న: మా ఊళ్లో పండక్కి కబడ్డీ పోటీలు పెడతన్నాం. నల్లరేగడి నేల, ఏటా ఎవరికో ఒకరికి మోకాలు పోతంది. కోర్టు ఎట్టా చెయ్యాలి? ప్రో కబడ్డీ రూల్స్ పెట్టొచ్చా?
– ఉత్సవ కమిటీ తరఫున, కనిగిరి దగ్గరి నుంచి

నల్లరేగడి కబడ్డీకి పనికిరాదు. ఎండితే రాయిలా గట్టిపడి పగుళ్లిస్తుంది, తడిస్తే పాదానికి అంటుకుంటుంది. పాదం అంటుకుపోయి ఒళ్లు తిరిగినప్పుడే మోకాలు మెలిపడేది. మీ చుట్టుపక్కల ఎర్రమట్టి దొరుకుతుంది కాబట్టి పైన ఒక పొర వేయించండి. ముందు ఉన్న నేలను జానెడు లోతున తవ్వి రాళ్లు, గాజుపెంకులు, వేర్లు ఏరేయాలి. జల్లెడ పట్టిన ఎర్రమట్టిలో మూడో వంతు సన్న ఇసుక, దొరికితే రంపపు పొట్టు కలిపి పరవాలి. పోటీకి ముందురోజు సాయంత్రం నీళ్లు చిలకరించి వదిలేయండి, పొద్దున దంతెతో గీరి చదును చేయండి. పిడికిట్లో పట్టి వదిలితే ముద్ద రెండు మూడు ముక్కలుగా విరగాలి. అరచేతికి అంటుకుంటే నీళ్లెక్కువైనట్టు, పొడిగా రాలిపోతే తక్కువైనట్టు.

కొలతలు. పెద్ద మగవాళ్లకు పొడవు 13 మీటర్లు, వెడల్పు 10 మీటర్లు. ఈ పదిలో రెండు పక్కలా మీటరు చొప్పున లాబీలు. ఆడవాళ్లకు 12 × 8. మిడ్ లైన్ నుంచి బాక్ లైన్ మగవాళ్లకు 3.75 మీటర్లు, ఆడవాళ్లకు 3 మీటర్లు. అక్కణ్నుంచి మీటరు అవతల బోనస్ లైన్. గీతలకు సున్నం మాత్రం వద్దు. పట్టులో మొహం నేలకు ఆనుతుంది, సున్నం కంట్లో పడితే చూపుకే ప్రమాదం. ముగ్గుపిండి వేయండి, ప్రతి మ్యాచ్‌కూ మళ్లీ గీయండి. గీత చెరిగిపోతే బోనస్ మీద గొడవ తప్పదు.

ప్రో కబడ్డీ రూల్స్ పెట్టొచ్చు, కానీ మూడు విషయాలు ముందే మైకులో చెప్పాలి. ఒకటి, ఎదుట ఆరుగురు లేక ఏడుగురు ఉంటేనే బోనస్. ఒక కాలు బోనస్ లైన్ దాటినప్పుడు రెండో కాలు గాల్లో ఉండాలి. రెండు, తాకిడి జరగకముందు లాబీలోకి అడుగుపెట్టినవాడు అవుట్. తాకిన తర్వాత లాబీ కోర్టులో భాగమవుతుంది. ఊళ్లలో జరిగే కొట్లాటల్లో చాలావరకు దీని మీదే. మూడు, కూత మిడ్ లైన్ దాటకముందే మొదలుకావాలి, అంపైర్‌కు వినబడాలి. మైకు హోరులో కూత వినబడదు కాబట్టి రైడ్ జరుగుతున్నంతసేపూ వ్యాఖ్యాత నోరు మూసుకోవాలి, పాటలు ఆపాలి.

టై అయితే ఏం చేయాలో కూడా రాసిపెట్టుకోండి. 2025 సీజన్ నుంచి ప్రో లీగ్‌లో లీగ్ మ్యాచ్‌లకూ టై లేదు. జట్టుకు ఐదు రైడ్లు, ఎవరూ అవుట్ అయి బయటికి పోరు, బాక్ లైనే బోనస్ లైన్‌గా లెక్క. అప్పటికీ సమానమైతే టాస్ వేసి, విజేతను తేల్చే గోల్డెన్ రైడ్. మీకూ ఇదే మేలు, చీకటిపడే వేళకు తేలిపోతుంది. ఇంకో మాట: ఐస్ పెట్టె లేకుండా పోటీ మొదలుపెట్టొద్దు. చీలమండ మెలిపడితే గుడ్డలో చుట్టిన ఐస్ పావుగంట పెట్టాలి. అక్కడికక్కడే నూనె రాసి గట్టిగా రుద్దితే లోపలి వాపు ఇంకా పెరుగుతుంది.

ప్రశ్న: మా పది ఓవర్ల టోర్నమెంట్‌లో నెట్ రన్‌రేట్ దగ్గర పెద్ద గొడవైంది. ఒక్కో జట్టు ఒక్కో అంకె చెప్పింది. సరైన పద్ధతి ఏది?
– టోర్నీ స్కోరర్, కందుకూరు

నెట్ రన్‌రేట్ అంటే ఓవర్‌కు చేసిన పరుగుల రేటులోంచి ఇచ్చిన పరుగుల రేటు తీసేయడం. ఇందులో మూడు తప్పులు అందరూ చేస్తారు. 8.4 ఓవర్లను కాలిక్యులేటర్లో 8.4 అని కొట్టడం మొదటిది. నాలుగు బంతులంటే ఓవర్లో ఆరింట నాలుగు వంతులు, అంటే 8.667. రెండోది, ఆలౌటైన జట్టుకు ఆడిన ఓవర్లే వేయడం. ఆలౌటైతే పూర్తి కోటా వేయాలి. మూడోది, మ్యాచ్ మ్యాచ్‌కీ రన్‌రేట్ తీసి సగటు కట్టడం. అలా కాదు, టోర్నీ మొత్తం పరుగులు మొత్తం ఓవర్లతో భాగించాలి.

ఒక జట్టు మూడు మ్యాచ్‌లు ఆడిందనుకోండి. మొదటిదాంట్లో 10 ఓవర్లలో 92 చేసి, అవతలివాళ్లను 8.3 ఓవర్లలో 68కి ఆలౌట్ చేసింది. రెండోదాంట్లో అవతలివాళ్లు 10 ఓవర్లలో 74, మనవాళ్లు 8.4 ఓవర్లలో 75. మూడోదాంట్లో అవతలివాళ్లు 10 ఓవర్లలో 101, మనవాళ్లు 9.2 ఓవర్లలో 85కి ఆలౌట్. చేసిన పరుగులు 252, ఓవర్లు 10 + 8.667 + 10 = 28.667, రేటు 8.79. ఇచ్చిన పరుగులు 243, ఓవర్లు 30, రేటు 8.10. తీసేస్తే +0.69. మొదటి రెండు తప్పులూ చేసి కడితే ఇదే జట్టుకు +0.54 వస్తుంది. రెండు జట్లకు పాయింట్లు సమానమైనప్పుడు సెమీఫైనల్ చేతులు మారడానికి ఆ తేడా చాలు.

వాన పడి రద్దయిన మ్యాచ్‌ను లెక్కలోకే తీసుకోకూడదు. సూపర్ ఓవర్ పరుగులూ కలపకూడదు.

పెద్ద జట్లు కూడా దీని దగ్గర దెబ్బతిన్నాయి. 2023 ఆసియా కప్‌లో లాహోర్‌లో శ్రీలంక మీద అఫ్గానిస్తాన్ 37.1 ఓవర్లలో 292 కొడితే ముందుకెళ్తుంది. ఆ బంతి దాటగానే అంతా అయిపోయిందనుకున్నారు. నిజానికి 37.4 ఓవర్లకల్లా 295 చేరినా అర్హత ఉండేది. స్కోరు సమం చేసి సిక్స్ కొట్టినా సరిపోయేది. ఆ సంగతి క్రీజులో ఉన్నవాళ్లకు తెలియలేదు, 289కి ఆలౌటై రెండు పరుగులతో మ్యాచే పోయింది. ఇక్కడ నింద బ్యాట్స్‌మన్‌ది కాదు, కాగితం మీద లెక్క కట్టి లోపలికి పంపాల్సినవాళ్లది. 2024 మే 18న బెంగళూరులో చెన్నై సూపర్ కింగ్స్‌కు మాత్రం లెక్క ముందే తెలుసు: లక్ష్యం 219, కానీ 201 చేస్తే చాలు ప్లేఆఫ్స్. 191 దగ్గర ఆగారు. నెల్లూరులో ఆ రాత్రి బాధపడని వీధి ఉండి ఉండదు.

ప్రశ్న: జడేజాను వదిలేసుకుని, ఒక్క ఐపీఎల్ మ్యాచ్ కూడా ఆడని కుర్రాణ్ణి 14.20 కోట్లకు కొనడమేంది? చెన్నై వాళ్లకు ఏమైంది? కామెరాన్ గ్రీన్‌కు నిజంగా 25.20 కోట్లు ముడతాయా?
– చెన్నై జట్టు అభిమాని, కావలి

రెండు వేరువేరు బేరాలను మీరు కలిపేశారు. జడేజా పోయింది ట్రేడ్‌లో. ఆయన, శామ్ కరన్ రాజస్తాన్ రాయల్స్‌కు వెళ్లారు, సంజూ శాంసన్ 18 కోట్లకు ఇటు వచ్చాడు. 2025లో చెన్నై పట్టికలో అట్టడుగున నిలిచింది. టాపార్డర్‌లో వేగంగా ఆడే కీపర్ బ్యాట్స్‌మన్ ఆ జట్టుకు నిజమైన అవసరం. 2025 డిసెంబర్‌కు జడేజాకు 37 నిండాయి. బాధ ఉంటుంది, కానీ క్రికెట్ పరంగా ఈ మార్పు సబబే అని మా అభిప్రాయం.

2025 డిసెంబర్ 16న అబుదాబి వేలంలో ప్రశాంత్ వీర్, కార్తీక్ శర్మలకు చెరి 14.20 కోట్లు పెట్టింది వేరే సంగతి. చెన్నై చేతిలో అప్పటికి 43.40 కోట్లుంటే ఈ ఇద్దరికే 28.40 పోయాయి. వేలంలో ధర ఆటగాడి విలువను చెప్పదు. ఆ రోజు ఎవరి దగ్గర ఎంత డబ్బు మిగిలింది, ఆ రకం ఆటగాళ్లు ఎంతమంది మిగిలారు అన్నదే చెబుతుంది. ప్రశాంత్ వీర్‌లా ఎడమచేతి స్పిన్ వేసి బ్యాటింగ్ చేసే భారత కుర్రాళ్లు వేలంలో అరుదు, రెండు జట్లకు అలాంటివాడే కావాలంటే ధర ఆగదు. ఈ కొనుగోలు మాకూ సాహసంగానే కనిపిస్తోంది. కానీ ఆ కుర్రాడు రెండు మ్యాచ్‌ల్లో విఫలమైతే 14 కోట్ల మాట ఎత్తి కసురుకోకండి. ఆ ధర అడిగింది అతను కాదు, పాడింది జట్టు.

కోల్‌కతా 25.20 కోట్లకు కొన్న గ్రీన్‌కు చేతికొచ్చేది 18 కోట్లే. మినీ వేలంలో విదేశీ ఆటగాళ్లకు పరిమితి ఉంది. పెద్ద వేలానికి ముందు అట్టిపెట్టుకునే ఆటగాడి గరిష్ఠ ధర 18 కోట్లు, పెద్ద వేలంలో పలికిన గరిష్ఠ ధర పంత్‌కు 27 కోట్లు. ఈ రెంటిలో ఏది తక్కువైతే అదే విదేశీ ఆటగాడి గరిష్ఠ జీతం. మిగిలిన 7.20 కోట్లు బీసీసీఐ ఆటగాళ్ల సంక్షేమానికి తీసుకుంటుంది. కోల్‌కతా ఖాతాలో మాత్రం మొత్తం 25.20 తగ్గుతుంది. పెద్ద వేలానికి రాకుండా, పోటీ తక్కువుండే చిన్న వేలంలో దిగి ఎక్కువ లాగే అలవాటును ఆపడానికి పెట్టిన రూలిది. మంచి రూలే.

ప్రశ్న: ఇంపాక్ట్ ప్లేయర్ వల్ల ఆట రంజుగా ఉంది కదా, మాజీలంతా ఎందుకు వద్దంటున్నారు?
– డిగ్రీ విద్యార్థి, నెల్లూరు

చూడ్డానికి రంజుగా ఉంది, ఆటగాళ్ల తయారీకి చేటు చేస్తోంది. టాస్ దగ్గర పదకొండుగురితో పాటు ఐదుగురు సబ్‌స్టిట్యూట్ల పేర్లిస్తారు, అందులో ఒకర్ని ఇన్నింగ్స్ ముందో, ఓవర్ ముగిశాకో, వికెట్ పడ్డాకో దించొచ్చు. బయటికి వెళ్లినవాడు మళ్లీ రాడు. వచ్చినవాడు పూర్తి నాలుగు ఓవర్లూ వేయొచ్చు. దాంతో బ్యాటింగ్ అప్పుడు అదనంగా ఒక నిఖార్సైన బ్యాట్స్‌మన్, బౌలింగ్ అప్పుడు అతని స్థానంలో నిఖార్సైన బౌలర్. మధ్యలో రెండూ కొంచెం కొంచెం చేసేవాడితో పనేముంది? 2024లో రోహిత్ శర్మ ఇదే చెప్పాడు: శివమ్ దూబే, వాషింగ్టన్ సుందర్ లాంటివాళ్లకు బౌలింగే దక్కడం లేదని. దేశంలో ఆల్‌రౌండర్ల కరవని బాధపడుతూనే వాళ్లకు ఓవర్లు దొరకని రూలు పెట్టుకున్నాం. దూబే నాలుగు ఓవర్లు వేయలేడని తిట్టేముందు అతని చేతికి బంతి ఎన్ని మ్యాచ్‌ల్లో వచ్చిందో చూడాలి.

సయ్యద్ ముస్తాక్ అలీ టోర్నీలో ఈ రూలును 2024–25లో తీసేశారు. ఐపీఎల్‌లో మాత్రం 2027 దాకా ఉంటుంది. మీ కాలేజీ టోర్నీల్లో పెట్టొద్దు. పదకొండుగురు దొరకడమే కష్టమైన చోట ఇది డబ్బున్న జట్టుకు బయటి ఆటగాణ్ణి తెచ్చుకునే దారి అవుతుంది.

ప్రశ్న: వన్డేల్లో 35వ ఓవర్ నుంచి ఒక్క బంతే అంటున్నారు. ఏమన్నా తేడా ఉంటుందా?
– గూడూరు పాఠకుడు

ఉంటుంది. రెండు బంతుల పద్ధతిలో ఏ బంతీ 25 ఓవర్లు దాటి పాతబడేది కాదు. ఇప్పుడు 34 ఓవర్లయ్యాక రెంటిలో ఒకటి ఫీల్డింగ్ జట్టు ఎంచుకుంటుంది. అప్పటికి దాని వయసు 17 ఓవర్లు, ఇన్నింగ్స్ ముగిసేసరికి 33. ఒక పక్క గరుకు, ఒక పక్క నునుపు తేలడానికి, రివర్స్ స్వింగ్‌కు అవకాశం పెరిగింది. బౌలర్లకు ఇన్నాళ్లకు కొంత ఊరట.

ప్రశ్న: మా అమ్మాయికి పన్నెండేళ్లు. శ్రీచరణిని చూసినప్పటి నుంచి ఎడమచేతి స్పిన్ వేస్తానంటోంది. ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలి?
– ఒక తల్లి, ఒంగోలు

మొదలు బంతి నుంచి. షాపువాళ్లు ఏ వయసుకైనా మగవాళ్ల బంతే ఇస్తారు. అది సుమారు 156 నుంచి 163 గ్రాములు. పన్నెండేళ్ల పిల్ల వేళ్లకు అది పెద్దది, పట్టు దొరక్క అరచేతిలో పెట్టుకుని తోస్తుంది. అక్కడే స్పిన్ చచ్చిపోతుంది. పదమూడేళ్ల లోపు పిల్లలకు 133 నుంచి 144 గ్రాముల బంతి ఉంటుంది, చుట్టుకొలత 20.5 నుంచి 22 సెంటీమీటర్లు. అది అడిగి తీసుకోండి. తర్వాత మహిళల బంతికి మారొచ్చు, అది 140 నుంచి 151 గ్రాములు.

చూపుడువేలు, మధ్యవేలు సీమ్ మీద అడ్డంగా, కాస్త ఎడంగా ఉండాలి. బంతిని తిప్పేది చూపుడువేలి మొదటి కణుపు. మొదటి మూడు నెలలు వికెట్ మీదికి వేయించొద్దు. పది పన్నెండు గజాల దూరంలో నిలబెట్టి, కంటి ఎత్తుకు పైగా గాల్లోకి లేచేలా వేయించండి, సీమ్ తిరగడం కనబడాలి. వేగంగా వేయమని పక్కనుంచి ఎవరన్నా అరుస్తుంటే వాళ్లను పంపించేయండి. ఎత్తుగా వేయడం అలవాటైన పిల్లకు వేగం తర్వాత నేర్పొచ్చు. తోసి వేయడం అలవాటైతే తిప్పడం నేర్పడం చాలా కష్టం.

శ్రీచరణి కడప జిల్లా పల్లె నుంచి వచ్చింది, ముందు అథ్లెటిక్స్ చేసి తర్వాత క్రికెట్‌లోకి మారింది. 2025 నవంబర్ 2న నవీ ముంబైలో దక్షిణాఫ్రికాను 52 పరుగులతో ఓడించి ప్రపంచకప్ గెలిచిన భారత మహిళల జట్టులో ఆమెది 14 వికెట్ల వాటా. కాబట్టి పన్నెండేళ్లకే ఆలస్యమైపోయిందని ఎవరన్నా అంటే వినకండి. జిల్లా క్రికెట్ సంఘం వయసుల వారీ ఎంపికలు పెడుతుంది. పుట్టినతేదీ సర్టిఫికెట్, ఆధార్, స్కూల్ స్టడీ సర్టిఫికెట్ మూడింట్లో తేదీ, ఇంటిపేరు ఒకేలా ఉన్నాయో లేదో ఇప్పుడే సరిచూడండి. ప్రతిభ ఉన్న పిల్లలు ఆగిపోయేది చాలాసార్లు ఈ కాగితాల దగ్గరే.

ప్రశ్న: సాత్విక్–చిరాగ్ ఫైనల్స్‌లో ఎందుకు ఓడుతున్నారు? ఇంకోటి, మా క్లబ్‌లో ఈక షటిళ్లు రెండు గేములకే విరిగిపోతున్నాయి, ధరేమో మండిపోతోంది.
– షటిల్ ఆటగాడు, నెల్లూరు

2025లో ప్రపంచ చాంపియన్‌షిప్‌లో కాంస్యం, హాంకాంగ్, చైనా మాస్టర్స్ రెండింటా ఫైనల్. అమలాపురం కుర్రాడు సాత్విక్ మోకరిల్లిన ఏడాది కాదది. చైనా మాస్టర్స్‌లో ఓడించిన కొరియా జోడీ కిమ్, సియో ఆ ఏడాది ప్రపంచ విజేతలు. మాకు కనబడే లోపం మూడో షాట్ దగ్గర. సాత్విక్ స్మాష్ కొట్టే అవకాశం రాకముందే, సర్వీస్ తర్వాతి రెండు షాట్లలోనే ఎదుటివాళ్లు షటిల్‌ను కిందికి దించి నెట్ దగ్గర పట్టు సాధిస్తున్నారు. గేముకు 15 పాయింట్ల పద్ధతిని 2025లో కొన్ని టోర్నీల్లో ప్రయోగించారు. ఆ పద్ధతిలో తొలి షాట్ల విలువ ఇంకా పెరుగుతుంది, కోలుకునే టైము తగ్గుతుంది. మేమైతే 21 పాయింట్లే ఉండాలని కోరుకుంటాం.

మీ షటిళ్ల సంగతి. ఈక ఎండిపోతే పెళుసెక్కి విరుగుతుంది. డబ్బా రెండు మూతలూ తీసి, మరుగుతున్న నీళ్ల ఆవిరి మీద ఈకల వైపు కిందికి పెట్టి పది పదిహేను సెకన్లు పట్టండి. కార్క్‌కు తడి తగలకూడదు. మూతలు బిగించి ఒక రాత్రి నిలబెట్టి ఉంచి మర్నాడు వాడండి. ఎక్కువసేపు ఆవిరి పడితే బరువెక్కి నెమ్మదిస్తుంది, ఈకలు వంకరపోతాయి. కొన్న డబ్బాలను ఏసీ గదిలోనో, రేకుల షెడ్డులోనో పెట్టొద్దు, రెండూ ఆరగొడతాయి.

స్పీడ్ నంబరు కూడా చూసి కొనాలి. వేడికి గాలి పలచబడి షటిల్ దూరం పోతుంది. నెల్లూరు ఎండాకాలానికి 75 లేదా 76 తీసుకోండి, డిసెంబర్, జనవరి పొద్దుటి ఆటకు 77 సరిపోతుంది. పరీక్ష ఇలా: వెనక గీత మీద నిలబడి కిందినుంచి పైకి పూర్తి బలంతో, పక్క గీతకు సమాంతరంగా కొట్టాలి. అవతలి వెనక గీతకు 53 నుంచి 99 సెంటీమీటర్లు ఇవతల పడితే ఆ రోజుకు సరైన షటిల్. గీత దాటితే మీరు రోజంతా అవుట్ కొడుతూ మీ చెయ్యే పాడైందనుకుంటారు.

ప్రశ్న: మా బాబు చెస్‌లో ఒక్క టోర్నమెంట్‌కే 60 పాయింట్లు పోగొట్టుకున్నాడు. గుకేశ్ అన్ని గేములు ఓడినా అంత తగ్గడే. మావాడికి చెస్ రాదా?
– ఒక తండ్రి, ఆత్మకూరు

మీవాడి తప్పేం లేదండీ. అంతర్జాతీయ చెస్ సమాఖ్య ఫిడే రేటింగ్ లెక్కలో కె అనే గుణకం ఉంటుంది. పద్దెనిమిదేళ్ల లోపు, 2300 కంటే తక్కువ రేటింగ్ ఉన్న పిల్లలకు అది 40. ఒకసారి 2400 చేరినవాళ్లకు 10. తనతో సమానమైన రేటింగ్ ఉన్నవాడితో ఓడితే మీవాడికి 20 పోతాయి, గుకేశ్‌కు 5. అంటే మూడు ఓటములకే 60. తనకన్నా 200 ఎక్కువున్నవాణ్ణి గెలిస్తే ఒక్క గేముకే 30 వెనక్కి వస్తాయి. పదహారు పదిహేడేళ్లు వచ్చేదాకా రేటింగ్ పట్టిక గోడకు అంటించొద్దు. ఓడిన గేముల కాగితాలు దాచి, ఎన్నో ఎత్తు దగ్గర ఎక్కువ టైము పోయిందో చూడండి. ఆ టైము కూడా కాగితం మీద రాసే అలవాటు చేయించండి.

గుకేశ్ గోవా ప్రపంచకప్‌లో మూడో రౌండ్‌లోనే ఓడాడని మరో ఇద్దరు నిష్ఠూరంగా రాశారు. ప్రపంచ విజేత కిరీటానికి ఆ టోర్నీతో సంబంధం లేదు. చాలెంజర్‌తో టైటిల్ మ్యాచ్ ఆడి ఓడితేనే అది పోతుంది.

ప్రశ్న: హైదరాబాద్ ఎఫ్‌సీ లేకుండా పోయింది. ఇక మనకు ఫుట్‌బాల్‌లో మిగిలింది ప్రపంచకప్పే. 48 జట్లంటున్నారు, ఎవరెలా ముందుకెళ్తారు? మ్యాచ్‌లు మనకు ఏ టైముకొస్తాయి?
– ఫుట్‌బాల్ అభిమాని, మార్కాపురం

2022 మార్చిలో గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ కప్పు తెచ్చిన జట్టు, నాలుగేళ్లు తిరక్కముందే పేరు మార్చుకుని ఢిల్లీ వెళ్లిపోయింది. ఆటగాళ్లు ఆడక కాదు, డబ్బులు లేక. ఫుట్‌బాల్ సమాఖ్యకు, లీగ్ నడిపే సంస్థకు మధ్య 2010 నాటి ఒప్పందం 2025 డిసెంబర్‌తో ముగిసింది. ఆ తర్వాతి సంగతి తేలక 2025 జులైలోనే లీగ్‌ను ఆపేశారు. ఆ లీగ్‌లో తెలుగువాళ్లకు ఒక్క జట్టుండేది, అదీ పోయిందన్న బాధ మాకూ ఉంది.

అమెరికా, కెనడా, మెక్సికోల్లో జరిగే 2026 ప్రపంచకప్‌కు నాలుగేసి జట్ల గ్రూపులు 12. ప్రతి గ్రూపులో మొదటి రెండు, మూడో స్థానాల్లో ఉన్న పన్నెండింట్లో మెరుగైన ఎనిమిది, మొత్తం 32 జట్లు నాకౌట్‌కు వెళ్తాయి. ఒక్క గెలుపుతో కూడా గట్టెక్కే వీలుంది కాబట్టి గ్రూపు దశలో బిగి తగ్గుతుంది. ఇది మాకు నచ్చలేదు. మొత్తం మ్యాచ్‌లు 104, విజేత ఎనిమిది ఆడాలి.

టైము సులువుగా గుర్తుపెట్టుకోవచ్చు. న్యూయార్క్ టైముకు తొమ్మిదిన్నర గంటలు కలపండి. అక్కడ మధ్యాహ్నం 12 అంటే మనకు రాత్రి 9.30, 3 అంటే అర్ధరాత్రి 12.30, సాయంత్రం 6 అంటే తెల్లవారుజామున 3.30, రాత్రి 9 అంటే పొద్దున 6.30. అర్ధరాత్రి దాటితే తేదీ మారుతుంది, అక్కడే పొరబడతారు. జూన్ 11 నాటి తొలి మ్యాచ్ మెక్సికో, దక్షిణాఫ్రికా మధ్య. మనకది 12వ తేదీ అర్ధరాత్రి 12.30. జులై 19 నాటి ఫైనల్ కూడా అంతే, ఆదివారం రాత్రి దాటాక 12.30. సోమవారం రాత్రికని అలారం పెట్టుకుంటే అప్పటికి కప్పు ఎవరిదో తేలిపోయి ఉంటుంది.